ఒక మైకు, ఇద్దరు దొంగలు

కుట్టు షాపు, వెనక గది
వానలు మొదలైన వారం

తమ్ముడికి,

ఇక్కడ అందరం కులాసా. నా కుడి మోకాలు మాత్రం కులాసా కాదు, అది నీకు తెలిసిన సంగతే. వానలు పడుతున్నాయి. వచ్చినవాళ్ళు తడి గొడుగులు తెచ్చి సరిగ్గా నా కొత్త గుడ్డల మీదే పెడుతున్నారు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఈ షాపు సగం నాది, సగం మీ బావది. నా మిషను ఇటు, ఆయన గడియారాల బల్ల అటు. నేను ఫోన్లో గుసగుసలాడినా వీధి చివరిదాకా వినిపిస్తుందని నువ్వే అంటుంటావు. అందుకే ఉత్తరం.

సంగతేమిటంటే, మా వీధిలో ఒకావిడకి చిన్న చిక్కు వచ్చిపడింది. చాలా మంచి మనిషి. పనిమంతురాలు. కాస్త నోరుంది, అంతకుమించి వంక పెట్టడానికేం లేదు. ఎదుటి చెప్పుల షాపాయన మైకు ఒకటి పోయింది. అది ఆవిడే తీసిందని ఆయన వెళ్ళి పోలీసులకి ఫిర్యాదిచ్చాడు. నాకో లాయరు తమ్ముడున్నాడని తెలుసు కనక ఆవిడ నన్ను అడుగుతోంది. నాకేం తెలుస్తుంది? నీకు రాస్తున్నాను.

తప్పు చేయని మనిషికి లాయరెందుకు? లాయర్ని పెట్టుకుంటే, ఆ, ఏదో చేసే ఉంటుందిలే అనుకోరూ? పోలీసులు "ఊరికే ఓసారి వచ్చి మాట్లాడి వెళ్ళండమ్మా" అంటే వెళ్ళాలా, మానాలా? పోనీ ఆవిడ ఇప్పటికే వెళ్ళొచ్చేసి, అక్కడ కాస్త ఎక్కువగా మాట్లాడేసిందనుకో, ఆ మాటలు వెనక్కి తీసుకోవడానికి ఏదైనా కాగితం దొరుకుతుందా?

తొందరగా రాయి. ఆవిడ నిద్రపోవడం లేదు.

మీ అక్క

*

కోర్టు ఎదుట, మెట్ల కింది ఆఫీసు

అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఆవిడ మంచి మనిషని, పనిమంతురాలని, కాస్త నోరుందని రాశావు. నాకు తెలిసిన ఆడవాళ్ళలో అలాంటి మనిషి ఒక్కరే ఉన్నారు. అయినా నువ్వు ఒకావిడ అన్నావు కనక నేనూ ఒకావిడ అనే రాస్తాను.

లాయరు తప్పు చేసినవాళ్ళకి మాత్రమే అనుకుంటే పొరపాటు. తప్పు చేయనివాళ్ళే ఎక్కువగా ఇరుక్కుంటారు, ఎందుకంటే తప్పు చేసినవాడు నోరు మూసుకుంటాడు. చేయనివాడు నాకేం భయమని గంటలకొద్దీ మాట్లాడతాడు. ఆ మాటల్లో ఒకటి అటూ ఇటూ అయితే చాలు, అదే వాడి మెడకి చుట్టుకుంటుంది. ఫిర్యాదు వచ్చినంత మాత్రాన నేరం చేసినట్టు కాదు. నేరం జరిగిందని రుజువు చేయాల్సింది అవతలివాళ్ళు. చేయలేదని వీధివీధీ తిరిగి చాటుకోవాల్సిన పని ఆవిడకి లేదు.

స్టేషనుకి రమ్మంటే వెళ్ళాలి, గొడవ పడకూడదు. పేరు, చిరునామా చెప్పాలి. జరిగిన సంగతి గురించి అడిగితే, "మా లాయరు వచ్చాక చెబుతాను" అని ఊరుకోవాలి. చదవని కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఫిర్యాదిచ్చినాయన గుమ్మం ఎక్కి తిట్టకూడదు, బతిమాలకూడదు కూడా.

ఇక అన్న మాటలు వెనక్కి తీసుకునే కాగితం సంగతి. అలాంటిది ఉంటే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది దానికోసమే వచ్చేవాళ్ళు. లేదు.

ఒక్కటి అడుగుతాను. ఆవిడకి కుడి మోకాలు నొప్పి ఉందా?

తమ్ముడు

*

కుట్టు షాపు, వెనక గది

తమ్ముడికి,

ఉంది. సరేనా? తృప్తిగా ఉందా?

నేనే. దాచి ఏం లాభం, నువ్వు చిన్నప్పటినుంచీ ఇంతే. నేను గోడ వెనక దాక్కుంటే కాళ్ళు చూసి పట్టేసేవాడివి.

మొదట్నుంచీ చెబుతాను విను. ఎదురుగా చెప్పుల షాపాయన తన మేడ మీది కిటికీ కింద, బోర్డుకి పైన ఒక మైకు బిగించాడు. అందులో ఆయన గొంతే రికార్డు చేసి పెట్టాడు. "రండమ్మా రండి! రండయ్యా రండి! కాళ్ళున్న ప్రతివాళ్ళూ రండి!" అని. షాపు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా అదే పాట. నాకు కొలతలు తప్పుతున్నాయి. ఒక పెద్దమనిషి చొక్కాకి రెండు చేతులూ ఎడమ చేతులే కుట్టాను. మీ బావ సంగతి ఇంకా దారుణం. గడియారం బాగుచేశాక చెవి దగ్గర పెట్టుకుని వింటారు కదా, ఇప్పుడు ఏ గడియారం పెట్టుకున్నా కాళ్ళున్న ప్రతివాళ్ళూ రండనే అంటోందట. ఆయన ఒక్క మాట అనలేదు. ఆయన ఎప్పుడన్నారు గనక? చెవుల్లో దూది పెట్టుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, అలా వంగి కూర్చునేవారు. నాకది చూడబుద్ధయ్యేది కాదు.

ఆ రోజు పొద్దున నేను కత్తెర పట్టుకుని వీధిలోకి వెళ్ళి, "ఈ పూటతో దీని గొంతు కోసేస్తా" అన్నాను. వీధి వీధంతా విన్నది. మధ్యాహ్నం కరెంటు పోయింది. కరెంటు తిరిగొచ్చాక చూస్తే వీధంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి జనం కంగారుపడి ఏమైందోనని బయటికొచ్చారు. పైకి చూస్తే మైకు లేదు. ఆయన తిన్నగా నా పేరు చెప్పాడు.

స్టేషనులో ఇన్‌స్పెక్టరుగారు మర్యాదగానే కూర్చోబెట్టారు. రెండు ముక్కలు అడిగారు. నేను, "అవును, నేనే తీశాను, ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నాను. రాసుకున్నారు. సంతకం కూడా పెట్టించుకున్నారు. నీ ఉత్తరం రావడానికి ముందే. ఏం చేయను, నువ్వు ఆలస్యంగా రాశావు.

బెయిలు మీద ఇంటికి పంపారు. పూచీ మా వీధి పాలాయన ఇచ్చాడు. బెయిలొచ్చిందంటే కేసు సగం పోయినట్టే కదా? కోర్టులో నువ్వే వాదించు. ఆసుపత్రి నర్సుల బట్టలు మొత్తం నేనే కుడుతున్నానా, కేసు తేలేదాకా వద్దన్నారు వాళ్ళు. నేరం రుజువైతే ఇక ఎప్పటికీ వద్దంటారు.

మీ బావకి మాత్రం ఏమీ రాయకు. ఆయన్ని ఈ గొడవలోకి లాగకు. ఇది నీకు అక్కగా ఆజ్ఞ.

మీ అక్క

*

మెట్ల కింది ఆఫీసు

అక్కకి,

నీ ఉత్తరం చదివి కాసేపు బయటికెళ్ళి నిలబడి వచ్చాను. మా గుమాస్తా మంచినీళ్ళిచ్చాడు.

బెయిలంటే విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమని వదలడం. సగం పోలేదు, పావు పోలేదు, అసలు ఇంకా మొదలే కాలేదు. ఒక్కటే ఊరట. పోలీసుల ముందు ఒప్పుకున్న మాటని కోర్టు రుజువుగా తీసుకోదు. వేరే రుజువులు కావాలి. అయితే వీధంతా విన్న నీ కత్తెర శపథం ఒకటుంది. దానికి సాక్షులు కావలసినంతమంది.

నేను వాదిస్తాను. నీ ఊళ్ళో నా స్నేహితురాలు ఒకామె ప్రాక్టీసు చేస్తోంది, వాయిదాలకి ఆమె నీ పక్కన ఉంటుంది, పెద్ద విచారణకి నేను వస్తాను. ఈలోగా నువ్వు ఈ కేసు గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు. కొలతలిచ్చేవాళ్ళతో, పాలాయనతో, ఎవరితోనూ. నీకది ఎంత కష్టమో నాకు తెలుసు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూర్చో, అలవాటైన పనే కదా.

ఇప్పుడు అక్కలా కాదు, నా క్లయింటులా విను. ఆ మైకు ఎలా తీశావు? ఎక్కడ పెట్టావు? ఉన్నదున్నట్టు రాయి. లాయరుకి చెప్పింది బయటికి పోదు, అందుకని అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉండదు. వైద్యుడికి కాలు నొప్పి దాచి చేయి చూపిస్తే ఏం వైద్యం చేస్తాడు? నీ నోటినుంచి అబద్ధం విని, దాన్ని నేను కోర్టులో నిలబడి నిజమని చెప్పలేను. ఎవరికోసమైనా సరే. నీకోసమైనా సరే.

తమ్ముడు

*

గడియారాల బల్ల దగ్గర్నుంచి

బావమరిదికి,

నేను నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి అనుకుంటాను. అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయంటే క్షమించు, అలవాటు. మీ అక్క దారాలు కొనడానికి వెళ్ళింది. వచ్చేలోపు ముగించాలి. నేను రాసినట్టు ఆమెకి తెలియనివ్వకు.

నాకో సందేహం. ఒకరి మీద కేసు ఉండగా, వేరొకరు వెళ్ళి అది చేసింది నేనండీ అని ఒప్పుకుంటే మొదటివారి పేరు కొట్టేస్తారా? దానికి ఎవరిని కలవాలి? తెల్ల కాగితం సరిపోతుందా?

నీ దగ్గర దాచను. ఆ మైకు నేను తీయలేదు. తీయాలని మాత్రం వెళ్ళాను. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. బోర్డులు రాసే పెయింటరు తన నిచ్చెన చెప్పుల షాపు గోడకి ఆనించి భోజనానికి వెళ్ళాడు. మీ అక్క గుండీలు తేవడానికి వెళ్ళింది. పొద్దున ఆమె వీధిలో నిలబడి అరిచిన అరుపుకి గొంతు బొంగురుపోయింది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో అరవాల్సినవన్నీ ఆమే అరిచింది. ఈ ఒక్క పనైనా నేను చేద్దామనిపించింది. వైరు కోసేద్దామని కటింగ్ ప్లేయరు పట్టుకుని ఎక్కాను. నాకు స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి. ఎలా ఎక్కానో ఇప్పటికీ తెలియదు.

ఎక్కి చూస్తే మైకు లేదు. బిగించిన ఇనప పట్టీ మాత్రం ఉంది. కిటికీ లోపలి గట్టు మీద బోల్టులు, వాషర్లు, నట్లు వేరువేరుగా వరసలో పెట్టి ఉన్నాయి. వైరు కోయలేదు, చుట్ట చుట్టి దారంతో కట్టారు. అంత పొందికగా పని చేసే మనిషి మా వీధిలో ఒక్కరే, మీ అక్క. ఇక అనుమానమేముంది? నేను దిగొచ్చి నోరు మెదపలేదు. స్టేషనులో ఆమె ఒప్పుకుందని విన్నాక నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఒక్కటే అంతుపట్టడం లేదు. అది వాళ్ళ పడకగది కిటికీ. ఆ మోకాలితో, ఆ ఇంటి మెట్లెక్కి, ఎవరి కంటా పడకుండా ఆమె లోపలికి ఎలా వెళ్ళిందో.

ఆమె జైలుకి వెళ్ళకూడదు. నేను వెళతాను. నాకు గోడ, దీపం, కూర్చోవడానికి చోటు ఉంటే చాలు. ఆమె అయితే మాట్లాడేవాళ్ళు లేక రెండు రోజుల్లో మంచం పడుతుంది.

 ఈమధ్య చిన్న స్క్రూలు పట్టుకి చిక్కడం లేదు. త్వరగా రాయి.

మీ బావ

*

కుట్టు షాపు, వెనక గది

తమ్ముడికి,

అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం కరెంటు పోగానే పెయింటరు నిచ్చెన కనబడింది. చకచకా ఎక్కాను. నా పెద్ద కత్తెరతో వైరు కరకరా కోశాను. మైకు ఊడబెరికి భుజాన వేసుకుని చకచకా దిగాను. తిన్నగా వెళ్ళి పెద్ద కాలవలో విసిరేశాను. కొట్టుకుపోయింది. ఎవరూ చూడలేదు. ఎవరూ సాయం చేయలేదు. ముఖ్యంగా ఇంట్లోవాళ్ళెవరికీ ఏమీ తెలియదు.

ఇంతే. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

నేను నేరం ఒప్పేసుకుంటే తొందరగా అయిపోతుందట కదా, నర్సొకావిడ చెప్పింది. (నేను కేసు గురించి మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడింది. నేను గుండుసూదుల మధ్యనుంచి ఊ కొట్టాను.) ఒప్పేసుకుంటాను. విచారణలు, సాక్షులు, మీ బావని పిలిచి బోనెక్కించడాలు, ఇవేవీ వద్దు.

ఆయన సరిగ్గా తినడం లేదు. నన్ను దొంగచూపులు చూస్తున్నారు. నిన్న నా మోకాలికి నూనె రాస్తూ, "చాలా మెట్లు ఎక్కావా?" అన్నారు. ఏ మెట్లు? ఏమిటో ఆ ప్రశ్న.

మీ అక్క

*

మెట్ల కింది ఆఫీసు

అక్కకీ బావగారికీ, కలిపి,

ఈ ఉత్తరం అక్క గట్టిగా చదవాలి. షాపు తలుపు మూసి, మిషను ఆపి. బావగారు చెవుల్లో దూది తీసేయాలి.

మీ ఇద్దరూ నన్నడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. ఎవరేం అడిగారో నేను చెప్పను, నా వృత్తి ఒప్పుకోదు.

నేరం ఒప్పుకుంటే పని తొందరగా అయిపోయే మాట నిజమే. కిటికీలోంచి దూకినా కిందికి తొందరగానే చేరతాం. ఒప్పుకున్నాక వచ్చేది శిక్ష, దానితోపాటు జీవితాంతం వెంట వచ్చే మచ్చ. మనం చేసిన పని అయితే ఆలోచించుకుని ఒప్పుకోవచ్చు, అది వేరు. చేయనిదాన్ని ఒప్పుకోవడం త్యాగం అనిపించుకోదు. జడ్జిగారికి అబద్ధం చెప్పడం అనిపించుకుంటుంది. ఒకరి బదులు ఇంకొకరు వెళ్ళి జైల్లో కూర్చునే ఏర్పాటు ఏ చట్టంలోనూ లేదు. తెల్ల కాగితం మీద రాసినా లేదు, నీలం కాగితం మీద రాసినా లేదు.

ఇప్పుడు నాకు కావలసింది ఒక్కటే. మీరు విడివిడిగా నాకేం రాశారో, అది ఒకరికొకరు చెప్పుకోండి. ముందు బావగారు చెప్పాలి. ఆయన ముగించేదాకా అక్క మధ్యలో రాకూడదు. గుండుసూదులు దగ్గర పెట్టుకో అక్కా.

ఆ తర్వాత ఏం తేలిందో నాకు రాయండి. ఈ కేసులో నాకు భయం వేసింది పోలీసుల్ని చూసి కాదు, మిమ్మల్ని చూసి.

తమ్ముడు

*

కుట్టు షాపు, ముందు గదే, ఇక దాచేదేముంది

తమ్ముడికి,

చదివాను. గట్టిగానే. తలుపు మూసినా పాలాయన ఆగిపోయి విన్నాడట, పోనీ.

మీ బావ మొదలుపెట్టారు. కథ నిచ్చెన దగ్గరికి రాగానే నేను, "అదిగో! నేను చూశాను!" అన్నాను. మధ్యలో రాకూడదన్నావని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆయన చెప్పడం పూర్తయ్యాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"అయితే తీసింది మీరు కాదా?" అన్నాను.

"నువ్వు కాదా?" అన్నారు.

"నేనెలా తీస్తానండీ! గుండీలు తీసుకుని వస్తూంటే మీరు కటింగ్ ప్లేయరు పట్టుకుని నిచ్చెన దిగుతున్నారు. ముఖం సున్నం కొట్టినట్టుంది. ఏమిటంటే బోర్డు చూస్తున్నానన్నారు. స్టేషనులో ఇన్‌స్పెక్టరుగారు, 'మీవారు నిచ్చెన మీద ఉన్నట్టు పెయింటరు చూశాడట' అన్నారు. మిమ్మల్ని పిలిపిస్తారని నా ప్రాణం పోయింది. అందుకని నేనే తీశానన్నాను."

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. "నాకోసం దొంగనని చెప్పుకున్నావా?" అన్నారు.  నేనేదో అనబోయాను తమ్ముడూ.  నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాం. నిజం చెప్పొద్దూ, ఆయన తీయలేదని తెలిశాక లోపల ఎక్కడో చిన్న నిరాశ కూడా కలిగింది. ఇన్నాళ్ళూ మా ఆయన ఎంత తెగించాడో చూడండని మనసులో మురిసిపోతున్నాను మరి. ఆ మాటే అంటే, "నిచ్చెన ఎక్కాను కదా" అన్నారు చిన్నబుచ్చుకుని. అదీ నిజమే. ఎక్కారు.

ఆ తర్వాత బోల్టుల సంగతి చెప్పారు. పడకగది కిటికీ, లోపలి గట్టు, వరసగా వాషర్లు. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. ఆ గదిలోకి వెళ్ళేది ఆ షాపాయన, ఆయన పెళ్ళాం. అంతే.

నేను చెప్పులు వేసుకుని లేచాను. మీ బావ చేయి పట్టుకుని, "ఆ గుమ్మం ఎక్కొద్దని లాయరు చెప్పాడు" అన్నారు. నీమీద ఒట్టు, వెళ్ళలేదు. చెప్పుల షాపాయన పెళ్ళామే వచ్చింది.

నిన్న పొద్దున, ఆయన సరుకు కోసం వెళ్ళగానే, ఒక గౌను పట్టుకుని వచ్చింది. నడుము దగ్గర లూజు చేయాలట. నేను టేపు తీసి కొలుస్తున్నాను. నోట్లో గుండుసూదులు. ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే మనుషులకి ఎంత భయం వేస్తుందో నాకిన్నాళ్ళూ తెలియదు తమ్ముడూ. ఆవిడ, "కోపమా?" అంది. నేను కొలుస్తున్నాను. "నాకు తెలుసు, కోపమే" అంది. నేను చేయెత్తమన్నట్టు సైగ చేశాను. చేయెత్తి, అలాగే ఏడుపు మొదలుపెట్టింది.

"ఇంట్లో ఒక మొగుడు, గుమ్మం మీద ఒక మొగుడు! ఇద్దరిదీ ఒకటే గొంతు. ఇంట్లో ఉన్నవాడు అన్నం తినేటప్పుడైనా ఆపుతాడు, రెండోవాడు అదీ ఆపడు. ఎలా వేగాలి వదినా?" అంది. కరెంటు పోయినప్పుడు కిటికీలోంచి చేయి పెట్టి తనే విప్పిందట. ఎవరూ కొనని రబ్బరు బూట్ల పెట్టెలో దాచిందట. రెండు రోజులు హాయిగా ఉండి, మళ్ళీ బిగించేద్దాం అనుకుందట. ఈయన తనని ఒక్క మాట అడక్కుండా స్టేషనుకి పరుగెత్తాడు. ఆ తర్వాత చెబితే ఆయన అబద్ధపు ఫిర్యాదిచ్చాడని లోపలేస్తారేమోనని భయపడి నోరు కుట్టేసుకుంది.

అంతా చెప్పి, "ఇప్పుడు నేనేం చేయాలి వదినా?" అంది. నాకు చాలా చెప్పాలని ఉంది. సూదులు తీసి ఒకటే అన్నాను, "చెయ్యి దించు." తర్వాత నీకు రాస్తానన్నాను.

నాకు ఆవిడ మీద కోపం రావడం లేదు. రావాలి కదా? ఆసుపత్రి పని పోయింది, వీధిలో దొంగనయ్యాను. కానీ ఆ మైకుని ఆవిడ మాకంటే ఒక గోడ దగ్గరగా విన్నది. అది తలుచుకుంటే రావడం లేదు.

మీ అక్క

*

మెట్ల కింది ఆఫీసు

అక్కకి,

ముందుగా, నువ్వు మౌనంగా ఉన్నావన్న మాట చదివి మా గుమాస్తాని పిలిచి మళ్ళీ చదివించాను. కళ్ళు మోసం చేశాయేమోనని.

ఇప్పుడు జాగ్రత్తగా విను. నేను నీ లాయర్ని. ఆవిడకి సలహా ఇవ్వలేను, ఇవ్వకూడదు. నీకు మేలు చేసే మాట ఆవిడకి కీడు చేయొచ్చు. ఇద్దరి పక్షానా ఒక్కడే నిలబడితే చివరికి ఎవరి పక్షానా నిలబడనట్టే. ఆవిడ తనకంటూ వేరే లాయర్ని చూసుకోవాలి. ఆ ఊళ్ళో మంచివాళ్ళ పేర్లు నా స్నేహితురాలు ఇస్తుంది, వాళ్ళలో ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఆవిడే నిర్ణయించుకోవాలి. నువ్వు ఆవిడని బెదిరించొద్దు, బతిమాలొద్దు, ఇలా చెప్పు అలా చెప్పు అని నేర్పొద్దు. గౌను మాత్రం కుట్టివ్వు.

ఆవిడ భయం గురించి నీకు తెలియడానికి ఒక్క మాట. తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదివ్వడం వేరు, నిజమనుకుని పొరపాటు ఫిర్యాదివ్వడం వేరు. ఆయన నిజంగానే పోయిందనుకున్నాడు. దాన్ని ఆయనవైపు లాయరు చూసుకుంటాడు.

ఇంకోటి. ఆయన వచ్చి "కేసు వాపసు తీసుకుంటున్నా" అన్నంత మాత్రాన అయిపోదు. షాపులో చెప్పుల జత తిరిగిచ్చినట్టు కాదు అది. పోలీసులు మళ్ళీ విచారించి, దొంగతనమే జరగలేదని కోర్టుకి రాయాలి. కోర్టు ఒప్పుకోవాలి. అప్పటిదాకా నీమీద కేసు ఉన్నట్టే. వాయిదాకి వెళ్ళడం మానొద్దు.

బావగారికి నా నమస్కారం. నిచ్చెన ఎక్కినందుకు. ఇక ఎక్కొద్దని కూడా చెప్పు.

తమ్ముడు

*

కుట్టు షాపు

తమ్ముడికి,

అయిపోయింది. నీ స్నేహితురాలు నీకు ఫోను చేసే ఉంటుంది. అయినా నేను చూసింది నేను రాయాలి.

ఆవిడ తన లాయరుని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళింది. రబ్బరు బూట్ల పెట్టె తెరిచి చూపించింది. మైకు క్షేమంగా ఉంది, పైన ఒక తువ్వాలు కూడా కప్పింది. షాపాయనకి అక్కడే తెలిసింది. ఇన్‌స్పెక్టరుగారు, "మీ ఆవిడ ఎందుకు తీసిందో అడగరా?" అన్నారట. ఆయన అడిగాడట. ఆవిడ చెప్పిందట. అది విన్నాక ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టాడట. ఆయనకి అలాంటి చిన్న గొంతు కూడా ఉందని ఎవరికీ తెలియదు.

ఈ వారం కోర్టు. నీ స్నేహితురాలు నా పక్కన నిలబడింది. దొంగతనం జరగలేదని పోలీసులు రాసిన కాగితం జడ్జిగారు చదివారు. ఆవిడ నా వయసు మనిషే. కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "మరి మీరు చేయని పని చేశానని ఎందుకు ఒప్పుకున్నారు?" అన్నారు. నీ స్నేహితురాలు నా మోచేయి నొక్కింది. నేను ఆమెని చూసి, "చెప్పొచ్చా?" అన్నాను. కోర్టంతా నవ్వింది. ఆమె తలూపింది.

"మా ఆయన తీశారనుకున్నానండీ" అన్నాను.

వెనక బెంచీలోంచి మీ బావ లేచి ఏదో అన్నారు. ఎవరికీ వినబడలేదు. జడ్జిగారు గట్టిగా చెప్పమన్నారు. మళ్ళీ అన్నారు, మళ్ళీ వినబడలేదు. చివరికి కోర్టు బంట్రోతు దగ్గరికెళ్ళి చెవి పెట్టి విని, "ఆవిడే తీసిందనుకున్నానని అంటున్నారండీ" అని అరిచి చెప్పాడు. జడ్జిగారు కాసేపు కాగితాలు సర్దుకుంటూ తల వంచుకున్నారు. నవ్వాపుకుంటున్నారని నా అనుమానం. తర్వాత కేసు మూసేశామన్నారు. నామీద ఏమీ లేదన్నారు. ఆ ముక్క రాసిన కాగితం కాపీ తీసుకుని తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాను. నర్సుల బట్టలు మళ్ళీ నావే.

మైకు మళ్ళీ బిగించలేదు. షాపాయన ఎదురుపడితే ఏమనాలో తెలియక, నా కాళ్ళు చూసి, "కొత్త చెప్పులు కావాలమ్మా మీకు" అన్నాడు. క్షమాపణ అలా చెప్పడం ఆయనకి చేతనైన పద్ధతి కాబోలు. మెత్తటివి ఇచ్చాడు. మోకాలికి బాగానే ఉంది.

ఇప్పుడు వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, నిన్న దారం తెగి మిషను ఆపితే ఏదో సన్నటి చప్పుడు వినిపించింది. ఈగేమో అనుకున్నాను. మీ బావ. పని చేసుకుంటూ కూనిరాగం తీస్తున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పాడతారని నాకు తెలియదు. నా మిషను చప్పుడు అంతా మింగేసి ఉంటుంది. అడిగితే, "ఎప్పుడూ పాడతానుగా" అన్నారు, నాకు తెలిసే ఉంటుందన్నట్టు.

దారుణంగా పాడతారు తమ్ముడూ. ఒక్క స్వరమూ ఉండవలసిన చోట లేదు. మిషను తొక్కితే వినబడదు, నాకు తెలుసు. అయినా పని పక్కన పెట్టి, చేతిలో చొక్కా అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఇలా పాడటం నేరమని మీ చట్టంలో ఎక్కడైనా రాసి ఉంటే, ఆయనకి మాత్రం చెప్పకు.

మీ అక్క